కుచ్చిళ్ల మీద కన్ను

డూగల్డ్ రాట్రే మీద అతని భార్య ఇష్‌బెల్‌కు ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే. అతని కాళ్లు బాగుంటాయి.

తాగి రాడు. పేకాడడు. గురక కూడా పక్కగదికి వినపడనంత మర్యాదగా పెడతాడు. ఇలాంటి మొగుడి మీద మనిషి ఏమని చెప్పుకుంటుంది? కాళ్లే మిగిలాయి. అరవై మూడేళ్లొచ్చినా పిక్కలు చెక్కినట్టుంటాయి. ముప్పై నాలుగేళ్లుగా ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్నన్నాళ్లూ నీలం పంట్లాం అడుగున, నూనె మరకల చాటున ఆ కాళ్లు భద్రంగా ఉన్నాయి. రిటైరయ్యాక కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. రోజూ నడవమనీ, పడకుండా నడవమనీ, మళ్లీ పడితే కర్రే గతి అనీ డాక్టరు చెప్పాడు. మచ్చకు పంట్లాం ఒరుసుకుని మంట పుడుతోందని డూగల్డ్ ఒకరోజు పొద్దున్నే బీరువాలోంచి పెళ్లినాటి కిల్ట్, మోకాళ్ల దాకా వచ్చే ఆకుపచ్చ గళ్ల ఊలు గుడ్డ, తీసి నడుముకు చుట్టుకున్నాడు. పైన మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు, కింద తోటపని బూట్లు, చీలమండల మీదికి జారిన మేజోళ్లు. ఆ వేషంలోనే పాలు తేవడానికి బయల్దేరాడు.

"పెళ్లికి కట్టేదాన్ని పాలకి కడతావేమయ్యా?" అంది ఇష్‌బెల్.

"పాలు తెచ్చేవాడు పెళ్లయినవాడే కదే," అన్నాడు డూగల్డ్.

మచ్చ మానిపోయి ఆరు నెలలైంది. పంట్లాం మాత్రం మళ్లీ ఎక్కలేదు. మొక్కల దగ్గరికీ కిల్టే, లైబ్రరీకీ కిల్టే, చెత్త పారబోయడానికీ కిల్టే. అది కూడా ఒక అందమేనని ఊరు తేల్చేసింది. స్కాట్లండ్‌లో, అందులోనూ టే నది ఒడ్డున ఉన్న వాళ్ల చిన్న ఊళ్లో, కిల్ట్ కొత్త సంగతేమీ కాదు. పెళ్లిలో ప్రతి మగవాడూ కడతాడు, కట్టి బిగుసుకుపోయి నిలబడతాడు. కానీ వానలో తడిసిన పాత కిల్ట్‌లో, చంకలో న్యూస్‌పేపరుతో, ఈల వేసుకుంటూ నడిచేవాడు వేరు. ముందు బట్ట పలకలా చదునుగా ఉంటుంది. వెనక ఎనిమిది గజాల గళ్ల ఊలు కుచ్చిళ్లుగా పేర్చి ఉంటుంది. మనిషి అడుగు వేస్తే ఆ కుచ్చిళ్లు అర అడుగు అటూ, అర అడుగు ఇటూ ఊగుతాయి. డూగల్డ్ నడకకి ఇంకాస్త ఎక్కువే ఊగేవి.

శనివారం బేకరీ ముందు వరసలో అతని పక్కనే ఇష్‌బెల్ నిలబడింది. నేరేడు రంగు కొత్త కోటు, ముందురోజే కత్తిరించుకున్న జుట్టు. వరసలో ముందున్న పెట్రీ ముసలమ్మ కర్ర ఆనించి వెనక్కి తిరిగింది. ఆమెకి ఎనభై నాలుగు. ఊరి కబుర్లు పేపరు కంటే ముందు ఆమె నోట అచ్చవుతాయి.

"ఒరే డూగల్డ్, ఒకసారి అలా తిరగరా అబ్బాయ్."

డూగల్డ్ తిరిగాడు. కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుని మూసుకున్నాయి. కౌంటరు వెనక అమ్మాయి బన్నుల పళ్లెం పట్టుకునే చప్పట్లు కొట్టబోయింది.

"కిల్ట్ లోపల ఏమీ తొడుక్కోరంటారు, నీ సంగతి అడగన్లే," అంది ముసలమ్మ. "నా వయసుకి ఆశ్చర్యాలు పడవు. మా ఆయనకి ఇలాంటి కాళ్లుంటే చర్చికి రోజూ వెళ్లేదాన్ని." అప్పుడు పక్కకి చూసింది. "ఇష్‌బెల్, నువ్వూ ఉన్నావా? కనపడలేదమ్మా."

తిరిగొస్తుంటే వంతెన మీద నలుగురు యాత్రికులు ఆపారు. ఫోటో కావాలన్నారు. ఇష్‌బెల్ జుట్టు సవరించుకుని డూగల్డ్ పక్కన నిలబడింది. వాళ్లలో ఒకామె ఎంతో మర్యాదగా నవ్వి, తన ఫోను ఇష్‌బెల్ చేతిలో పెట్టింది. తీసేది ఆమే అన్నమాట. ఇష్‌బెల్ తీసింది. నలుగురి తలలూ తెగ్గోసి, కాళ్లు మాత్రం వచ్చేలా తీసింది.

అసూయ మామూలుగా మొగుణ్ణి చూసేవాళ్ల మీద పుడుతుంది. ఇష్‌బెల్‌కి ఆ చూపులు అందుకునే మొగుడి మీద కూడా పుట్టింది. జలుబూ దగ్గూ ఒక్కసారే వచ్చినట్టు రెండూ కలిసి పట్టుకున్నాయి. ముప్పై నాలుగేళ్లు ఇస్త్రీ బట్ట కట్టుకుని, పెదాలకి రంగు వేసుకుని వీధిలోకి వెళ్లింది. ఒక్క తల తిరగలేదు. ఈయన మేజోళ్లు పైకి లాక్కోకుండా వెళ్తే ఊరంతా మెడలు తిప్పుకుంటోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మంగళవారం మధ్యాహ్నం డూగల్డ్ దుప్పటి చుట్టుకుని కుర్చీలో కునుకు తీస్తుంటే, అతను విప్పి పెట్టిన కిల్ట్‌కి అంటుకున్న దుమ్ము దులుపుదామని ఆమె దాన్ని కిటికీ దగ్గర తిరగేసింది. లోపలి కుచ్చి అంచున తెల్లదారం కనపడింది.

అవి కచ్చా కుట్లు. కిల్ట్‌ని ఆవిరి ఇస్త్రీ చేసే ముందు ప్రతి కుచ్చినీ పెద్ద పెద్ద కుట్లతో కదలకుండా పట్టి ఉంచాలి. లేకపోతే ఎనిమిది గజాలూ ఎటుపడితే అటు పోతాయి. ఇస్త్రీ అయ్యాక దారం లాగేస్తారు. పెళ్లయిన వారానికే అత్తగారు సూదీ దారం చేతికిచ్చి, "మావాడి కుచ్చిళ్లు ఇక నీ పూచీ" అని చెప్పి పోయింది. ఆనాటి నుంచి ఆ కుచ్చిళ్లకి ఇష్‌బెల్ సూది తప్ప మరొక సూది తగల్లేదు. ఆమె వాడేది పసుపుదారం. ఆమె కుట్టు కుడికి వాలుతుంది. లాగేటప్పుడు తెగి మిగిలిపోయిన ఈ మూడు కుట్లూ తెల్లవి, ఎడమకి వాలినవి. ఎడమచేతివాటం మనిషి కుట్టినవి.

ఆ ఊళ్లో ఎడమచేత్తో కుచ్చిళ్లు పట్టే మనిషి ఒక్కతే. ఎఫీ గాల్‌బ్రైత్. కిల్ట్‌లు కుట్టడమే ఆమె వృత్తి. స్కూల్లో ఇష్‌బెల్ పక్క బెంచీ. భర్త పోయి రెండేళ్లు.

డూగల్డ్ కళ్లు తెరిచేసరికి ఇష్‌బెల్ ఎదురుగా కూర్చుని ఉంది.

"నిన్న ఎటు నడిచావు?"

"కాళ్లు ఎటు తీసికెళ్తే అటు."

"ఆ కాళ్లకి దారి బాగానే తెలుస్తోందిలే."

"ఏంటే?"

"ఏం లేదు. టీ చల్లారుతోంది."

అతను టీ కప్పులోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంతకుముందు ఆ చెవులు ఎర్రబడింది రెండే సార్లు. ఆమెని పెళ్లికి అడిగినప్పుడొకసారి, ఆమె తమ్ముడి కారుని గోడకి గుద్దినప్పుడొకసారి.

మర్నాడు ఇష్‌బెల్ ఎఫీ కొట్టుకి వెళ్లింది. ఎఫీ బల్ల మీద గళ్ల బట్ట పరుచుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. సూదుల మధ్యనుంచే మాట్లాడింది.

"ఏమే, దారి తప్పావా?"

"దారం కావాలి. ముదురాకుపచ్చ."

"దేనికి?"

"చిన్న పని."

ఎఫీ సూదులు తీసి దిండుకి గుచ్చింది. సొరుగు లాగి దారం వెతుకుతూ, "మీ ఆయన్ని నిన్న వంతెన మీద చూశానే. అబ్బ, ఆ కుచ్చిళ్లు పడే తీరు! నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఒక నడుముకి అంత బాగా కుదిరిన కిల్ట్..." అని ఠక్కున ఆగిపోయింది. దారపు ఉండ చేతిలో పెట్టి వేరే మాటెత్తింది. "వాన వచ్చేలా ఉంది."

బయట ఎండ కాస్తోంది. ఇష్‌బెల్ దారం సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. ఆ నడుము ఎలా ఉంటుందో ఆమెకెలా తెలుసు, అన్న ఒక్క ప్రశ్నే దారి పొడుగునా వెంట నడిచింది.

గురువారం డూగల్డ్ స్నానానికి వెళ్లినప్పుడు ఆమె కిల్ట్ ఒళ్లో పెట్టుకుంది. లోపలివైపు, తొడ మధ్యకి వచ్చే చోట, కుచ్చికి కుచ్చి కలిపి ఆకుపచ్చ దారంతో ఒక వరస కుట్టేసింది. చిన్న కుట్లు, గట్టి ముడులు. గళ్లలో కలిసిపోయి పైకి ఇసుమంత కూడా కనపడలేదు. మగవాడు తన వెనక ఏముందో తిరిగి చూసుకోడు. చూసి చెప్పడానికే పెళ్లాం ఉందని ధీమా.

శనివారం బేకరీ దగ్గర పెట్రీ ముసలమ్మ మళ్లీ తిరగమంది. డూగల్డ్ తిరిగాడు. కుచ్చిళ్లు తిరగలేదు. డ్రమ్ముకి గుడ్డ చుట్టి తిప్పినట్టుంది.

"అదేంట్రా," అంది ముసలమ్మ, "ఒళ్లు చేశావా?"

కౌంటరు అమ్మాయి బన్నులు లెక్కపెట్టుకుంటోంది. డూగల్డ్ చేత్తో వెనక తడుముకుని, పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డాడు. ఇష్‌బెల్‌కి ఆ క్షణం తిన్న జామ్ బన్ను రుచి చాలా రోజులు నాలిక మీద ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె మాంసం కూరిన రొట్టె కాల్చింది. డూగల్డ్ ఒక ముక్క కోసుకుని, అందులో సగం తిని, పళ్లెం పక్కకి జరిపాడు.

"బాలేదా?"

"బాగుంది. ఆకలి లేదు."

ఆదివారం వెన్న పూసిన స్కోన్ రొట్టెలు ముట్టుకోలేదు. సోమవారం ఓట్స్ జావలో మీగడ వద్దన్నాడు. మంగళవారం ఒక ఆపిల్ తిని బయటికి వెళ్లిపోయాడు, కాలవదారి మీద రెండు మైళ్లు నడిచే మనిషి ఐదు మైళ్లు నడిచొచ్చాడు. ముందు ఇష్‌బెల్‌లోని వంటమనిషికి రోషం వచ్చింది. ఆ తర్వాత పెళ్లానికి భయం పట్టుకుంది. అరవై మూడేళ్ల మగవాడు ఉన్నట్టుండి తిండి మానేశాడంటే జబ్బు చేసి ఉండాలి, లేదా మనసు పడి ఉండాలి. ఐదు మైళ్లు నడిచేవాడికి జబ్బేమిటి?

"ఎవరికోసమయ్యా ఈ ఉపవాసాలు?" అని అడిగేసింది.

"ఎవరికోసం ఏంటి? నా కోసమే."

"నీకోసమైతే అద్దం దాటి ఐదు మైళ్లు పోనక్కర్లేదు."

"డాక్టరు నడవమన్నాడు కదే!"

"డాక్టరు నడవమన్నాడు. నక్కినక్కి తిరగమన్లేదు."

అతను ఏదో చెప్పబోయాడు. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. చెప్పకుండానే తోటలోకి వెళ్లిపోయాడు. ఇష్‌బెల్ ఆ చెవుల్ని చూసి తీర్పు రాసేసుకుంది. శుక్రవారం ఉదయం రెండో వరస కుట్టింది. ఈసారి అంచుకి రెండు వేళ్ల పైన, మొదటిదానికంటే బిగువుగా. ఎఫీ అమ్మిన దారం ఎఫీ మీదే ఖర్చవుతోందనుకుంటే సూది ఇంకా హుషారుగా నడిచింది.

శనివారం పదకొండు గంటలకి వాకిట్లో ఎఫీ వ్యాను ఆగింది. ముందు సీట్లోంచి పెట్రీ ముసలమ్మ కర్ర ఊపుతోంది. ఆమెని దుకాణాలకి దింపడానికి ఎఫీ బయల్దేరిందట. వెనక తలుపు తీస్తే ఊలు తానుల మధ్య డూగల్డ్ కూర్చుని ఉన్నాడు, కుడికాలు చాపి. ముఖం, మోచేతులు, మోకాళ్లు అన్నీ ఎర్రటి దద్దుర్లు. ఒళ్లంతా మట్టి.

"గొర్రెల పొలం దగ్గర కంచె మీదుగా వేసిన చెక్కమెట్టు దాటుతూ దురదగొండి పొదలో పడ్డాడు," అంది ఎఫీ. "మేం అటుగా రాకపోతే ఇంకా అందులోనే ఉండేవాడు."

"వెల్లకిలా పడ్డాడు," అంది ముసలమ్మ. "నేను కళ్లు మూసుకున్నాను. సగం."

ఎఫీ, ఇష్‌బెల్ చెరో భుజం పట్టి అతన్ని వంటింట్లోకి తెచ్చారు. మట్టి కిల్ట్ విప్పి, దుప్పటి చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టారు. ఇష్‌బెల్ మోకాలు చూసింది. మచ్చ చుట్టూ వాచి, పాత్రలో పొంగిన పిండిలా ఉంది. ఫోను చేస్తే నర్సు వేళ్లు కదుపుతున్నాడా, కాలు మడవగలడా అని అడిగి, ఐసు పెట్టమని, తను వస్తున్నానని చెప్పింది. ఇష్‌బెల్ ఐసు ముక్కలు గుడ్డలో కట్టింది. రెండు ముక్కలు జారి నేల మీద పడ్డాయి. అవి ఏరుకోకుండా అలాగే నిలబడింది.

"ఎలా పడ్డావు?"

"తెలీట్లేదే," అన్నాడు డూగల్డ్. "కాలెత్తి మెట్టు అవతల వేశాను. వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టయింది. కళ్లే తిరిగాయో, గుడ్డే పట్టేసిందో." దుప్పటి అంచు సర్దుకున్నాడు. "ఇక దాచి లాభం లేదు. నేను లావైపోయాను ఇష్‌బెల్. పెళ్లినాటి కిల్ట్ ఇంకా పడుతోందని ఊరంతా డప్పు కొట్టాను కదా. పోయిన నెల నుంచే పట్టడం లేదు. రహస్యంగా ఎఫీ దగ్గరికెళ్లి నడుం దగ్గరి తోలుపట్టీ బకిలు అంగుళమున్నర జరిపించుకున్నా. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. నువ్వు నవ్వుతావని సిగ్గేసింది. తీరా వారం తిరక్కుండా అదీ బిగుసుకుపోయింది. నీ వంట మానేస్తే తగ్గుతానేమో అనుకున్నా."

"ఆ మాంసం రొట్టె వాసనకి వంటింటి తలుపు బయట నిలబడి ఏడ్చినంత పని చేశాడట," అంది ఎఫీ. "దారిలో చెప్పాడు."

బకిలు రెండు వారాలుగా ఇష్‌బెల్ కళ్లముందే ఉంది. పాత తోలు చోట కొత్త కుట్టుతో సహా. ఆమెకి మూడు తెల్ల కుట్లు దొరికాయి, ఇంకేమీ చూడదల్చుకోలేదు.

దురద తగ్గడానికి ఎఫీ పొలం గట్టున కోసుకొచ్చిన వెడల్పాకులు నలిపి డూగల్డ్ మోచేతికి రాసింది. తర్వాత చేతులు తుడుచుకుని, మట్టి దులుపుదామని కిల్ట్ తీసి కిటికీ వెలుగులో తిరగేసింది. పనిమంతుల చేతులు ఊరుకోవు, బొటనవేలు లోపలివైపు కుచ్చిళ్ల వెంట నడిచింది. ఒకచోట ఆగింది. ఇంకాస్త కిందికి పోయి మళ్లీ ఆగింది. ముదురాకుపచ్చ దారం. తన సొరుగులోది. ఎఫీ తలెత్తి ఇష్‌బెల్‌ని చూసింది.

ఇష్‌బెల్ కెటిల్ వంక చూసింది. కెటిల్ ఇంకా మరగలేదు.

"ఏంటే అది, అలా పట్టుకున్నావు?" అంది పెట్రీ ముసలమ్మ.

ఎఫీ బట్ట మడత పెట్టింది. "కచ్చా కుట్లు. బకిలు మార్చినప్పుడు ఇస్త్రీకని వేశాను. తియ్యడం మర్చిపోయినట్టున్నా. నా పొరపాటే."

"కచ్చా కుట్లు తియ్యకుండా ఇచ్చావా!" ముసలమ్మ కర్ర నేలకి తాటించింది. "నలభయ్యేళ్లుగా కుడుతున్నదానివి! పడి నడుం విరిగుంటే? పన్నెండు కిల్ట్‌లు నీతో కుట్టించాలని బ్యాండు వాళ్లు అనుకుంటున్నారు, మా మేనల్లుడు చెప్పాడు. వాళ్లు బ్యాగ్‌పైపులు ఊదుతూ నడివీధిలో ఒకరి మీద ఒకరు పడాలా? ఈ సాయంత్రమే వాడి చెవిన వేస్తాను."

"నీ ఇష్టం అత్తా," అంది ఎఫీ. గొంతు మామూలుగానే ఉంది. మడత పెట్టిన కిల్ట్‌ని మాత్రం మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది.

"ఎఫీని ఏమీ అనకండి," అన్నాడు డూగల్డ్. "నా పొట్టదే తప్పు."

ఇష్‌బెల్ స్టవ్వు దగ్గరే నిలబడి ఉంది. నోరు మూసుకుంటే చాలు, ఈ కథ ఇక్కడితో తెమిలిపోతుంది. డూగల్డ్ తన పొట్టని తిట్టుకుంటాడు. ఊరు ఎఫీని తిడుతుంది. మోకాలు బాగుపడ్డాక అతను భయపడి పంట్లాం తొడుక్కుంటాడు, ఇక వీధిలో ఒక్క తల తిరగదు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది అదే. ఇంకో కుట్టు కూడా వేయనక్కర్లేకుండా అంతా ఒళ్లోకొచ్చి పడింది. అయినా ఆమె కళ్లు కిల్ట్ మళ్లీ మళ్లీ మడత పెడుతున్న ఎఫీ చేతుల మీదే ఆగాయి.

"అది ఎఫీ కుట్టు కాదు," అంది.

ముసలమ్మ చెవి ముందుకి వంచింది.

"ఎఫీ కచ్చా కుట్టు తెల్లదారంతో వేస్తుంది, ఎడమకి వాలుస్తుంది. అది ఆకుపచ్చ. కుడికి వాలింది. రెండు వరసలు. రెండూ నేనే కుట్టాను."

కెటిల్ మరిగింది. పెట్రీ ముసలమ్మ నోరు తెరిచి, మాట దొరక్క, మళ్లీ మూసుకుంది. ఆ ఊళ్లో ఆ దృశ్యం ఎవరూ చూసి ఎరగరు. దాన్ని ఆస్వాదించే స్థితిలో మాత్రం అక్కడెవరూ లేరు.

"నువ్వా?" డూగల్డ్ దుప్పటి పట్టుకుని ముందుకి వంగాడు. "నేను పడాలనా?"

"పడాలని కాదయ్యా. ఊగకూడదని."

"ఏంటి ఊగకూడదు?"

"నీ కుచ్చిళ్లు. ఊళ్లో ప్రతి చూపూ నా మీదుగా దాటి నీ దగ్గరికే పోతుంటే ఓర్చుకోలేకపోయాను. చివరికి ఎఫీ కుట్టు కనపడింది. దాంతో మతి పోయింది. నీ చెవులు ఎర్రబడితే ఇంకేదో అనుకున్నాను." ఆమె ఎఫీ వైపు తిరిగింది. "నీ గురించే అనుకున్నానే. నీ దగ్గర కొన్న దారంతోనే కుట్టాను."

"అదే అనుకున్నాను," అంది ఎఫీ. "అందుకేనా నాకు థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లావు?"

ఎవరూ నవ్వలేదు. డూగల్డ్ తన వాచిన మోకాలిని ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

ఇష్‌బెల్ కరుగుతున్న ఐసు మూటతో అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూట మోకాలికి ఆనించి, తలెత్తి అతని ముఖంలోకి చూసి, ముసలమ్మకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఎఫీది కాదు, నీ పొట్టదీ కాదు. తప్పు నాది, డూగల్డ్."